క్లచ్ మీద కాలు కుట్టుమిషన్‌లా కొట్టుకుంటోంది, అదీ టెస్టులో మాత్రమే

హాఫ్‌క్లచ్ (సోమవారం రాత్రి 10:14)
కారు టెస్టు రెండుసార్లు పోయింది నాకు. మాది హైదరాబాదు, ఉప్పల్ వైపు. తమ్ముడు పక్కన కూర్చుంటే కాలనీ అంతా తిప్పుతా, సందుల్లో రివర్సు తీస్తా, మొన్న ఆదివారం రామంతాపూర్ దాకా వెళ్ళొచ్చా కూడా. టెస్టు ట్రాకు మీద స్తంభాల మధ్య హెచ్ అక్షరంలా బండి నడపమనేసరికి మాత్రం ఎడమకాలు నా మాట వినదు. క్లచ్ సగం వదిలి పట్టుకోవాలి కదా, సరిగ్గా అక్కడ పాదం టకటకా కొట్టుకోవడం మొదలుపెడుతుంది, మోకాలి మీద పడ్డ చున్నీ కొస కూడా ఊగుతోందంటే చూసుకోండి. బండి రెండు గెంతులు గెంతి ఆగిపోయింది. రెండోసారీ అదే కథ, పక్కనున్నాయన "ఏమ్మా, చలిగా ఉందా?" అన్నాడు. మే నెలలో.

ఇంకో పది రోజుల్లో మూడోది. అదీ పోతే 60 రోజులు ఆగితేగాని మళ్ళీ రానివ్వరట. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ ఇంట్లో కుర్చీలో కూర్చుని ఊరికే తలచుకున్నా కాలు అందుకుంటోంది. భయం మనసులో ఉంటే మధ్యలో కాలికేం పని? ఎవరికైనా ఇలా అయిందా, ఏం చేశారు?

బందరులడ్డు (సోమవారం రాత్రి 10:31)
అయ్యో, నీకు కాలు, నాకు చేతులు. నా పెళ్ళిచూపులకి ట్రేలో ఆరు కప్పుల కాఫీ ఇచ్చి పంపారు. వంటింటి గుమ్మం దాటగానే సాసర్లు గలగలమని మోత. మా అత్తగారు ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది, కోడలికంటే ముందు కోడలి చప్పుడు వచ్చిందని.

విచిత్రం ఏంటంటే, హాల్లోకి వచ్చాక వాళ్ళ పిల్లాడెవడో నా కాళ్ళకి అడ్డంగా పరిగెత్తాడు. వాడి మీద కాఫీ పడుతుందేమోనని వాడినే చూస్తూ పక్కకి తప్పుకున్నా. ఆ కాసేపూ చప్పుడు లేదు. వాడు వెళ్ళిపోయాక మళ్ళీ నా చేతుల్ని చూసుకున్నా, మళ్ళీ మొదలు.

ధైర్యం_ముఖ్యం (సోమవారం రాత్రి 11:02)
ఏమీ అనుకోకండి, ఇదంతా అతిగా ఆలోచించడం వల్లే. మా నాన్న ట్రాక్టరు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు, టెస్టులూ లేవు, వణుకూ లేదు. భయపడకూడదు అని గట్టిగా అనుకోండి, అంతే.

హాఫ్‌క్లచ్ (సోమవారం రాత్రి 11:09)
అనుకున్నానండీ. గట్టిగా అనుకున్నకొద్దీ గట్టిగా కొట్టుకుంది.

ఫిజియో_వరంగల్ (మంగళవారం ఉదయం 6:48)
డ్యూటీకి వెళ్ళే ముందు రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది. కాలికేం పని అన్నారు కదా, అక్కడి నుంచే చెప్తా.

వణుకు అందరికీ ఎప్పుడూ ఉండేదే. చెయ్యి చాచి వేళ్ళ మీద పల్చటి కాగితం ఒకటి పెట్టి చూడండి, అంచులు సన్నగా అదురుతుంటాయి. సెకనుకు 8 నుంచి 12 సార్లు. మామూలుగా కంటికి ఆనదు. భయం వేసినప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. అది గుండెను పరిగెత్తించి ఊరుకోదు, కండరాల్లో బీటా-2 అనే గ్రాహకాలు ఉంటాయి, వాటికి తగులుకుంటుంది, దాంతో కనపడని వణుకు కాస్తా కనపడే వణుకవుతుంది. నమ్మకం లేకపోతే ఆస్తమా ఉన్నవాళ్ళను అడగండి. సాల్బుటమాల్ పఫ్ నాలుగుసార్లు లాగితే చాలామందికి చేతులు వణుకుతాయి, ఆ మందు పట్టుకునేదీ ఆ గ్రాహకాలనే. వాళ్ళేమీ భయపడి వణకడం లేదు. కాబట్టి ధైర్యం గారూ, ఇందులో ధైర్యం లేకపోవడం అనేది మీరనుకున్నంత లేదు.

ఇంకోటి బిగుసుకుపోవడం. మోచెయ్యి వంచే కండరం ఒకటుంది, చాచేది ఇంకోటి. ఒకటి లాగుతుంటే రెండోది వదలాలి. టెన్షన్‌లో రెండూ ఒకేసారి పట్టేస్తాయి, ఒకే కాడి కింద రెండు ఎద్దులూ చెరో దిక్కుకు లాగినట్టు. బండి కదలదు, ఎద్దులు మాత్రం అలిసిపోతాయి. టెస్టు అయ్యాక భుజాలూ మెడా కర్రల్లా ఉన్నాయా లేదా చెప్పండి. కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి కష్టమైన లెక్కలు చెప్పమన్నా మెడ పక్క కండరాల్లో బిగువు పెరగడం యంత్రాల మీద కనపడుతుంది, అసలు చెయ్యి ఎత్తకపోయినా.

ఇక మీ క్లచ్. మడమ గాల్లో ఉండి పాదం ముందుభాగం మీదే బరువు పెడుతున్నారని నా అనుమానం. అప్పుడు పెడల్ స్ప్రింగు పాదాన్ని పైకి నెడుతుంది, పిక్క సాగుతుంది, సాగగానే వెన్నుపాము దగ్గర నుంచే ముడుచుకోమని ఆజ్ఞ వస్తుంది, ముడుచుకుంటుంది, వదులుతుంది, స్ప్రింగు మళ్ళీ నెడుతుంది. ఈ గిరగిర మెదడు దాకా పోకుండానే నడుస్తుంది. ఆగమని మీరెంత చెప్పినా కాలు వినకపోవడం అందుకే. టెన్షన్‌లో ఈ రిఫ్లెక్సు ఇంకాస్త చురుగ్గా ఉంటుంది.

మిషన్_మావయ్య (మంగళవారం ఉదయం 9:20)
తెనాలిలో 31 ఏళ్ళుగా మిషన్ కుడుతున్నా. డాక్టరు గారు చెప్పినంత నాకు తెలియదు గానీ మడమ మాట మాత్రం నిజం. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు కంగారులో మునివేళ్ళతో తొక్కుతారు. చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం తెగుతుంది, నేను చూస్తున్నానని ఇంకా కంగారు. పాదం మొత్తం పలకకి ఆనించమంటాను, రెండు రోజుల్లో దారికి వస్తారు.

నాకే ఇప్పటికీ ఒకటుంది. పట్టు జాకెట్టు ముక్క కత్తిరించేటప్పుడు ఆ చీర తాలూకు ఆవిడ ఎదురుగా నిలబడితే కత్తెర అడుగడుగునా ఆగుతుంది, అంచు రంపంలా వస్తుంది. అందుకని వాళ్ళను టీ తాగి రమ్మంటాను. అమ్మాయ్, నీ ఇన్‌స్పెక్టరును అలా పంపలేవనుకో.

కొండెక్కినవాడు (మంగళవారం మధ్యాహ్నం 1:15)
మేం భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్చుకునేటప్పుడు దీన్ని కుట్టుమిషన్ కాలు అనే అనేవాళ్ళం, ఎక్కేవాళ్ళందరికీ తెలిసిన జబ్బు ఇది 😄 వేలెడంత అంచు మీద బొటనవేలు పెట్టి నిలబడ్డప్పుడు, కిందికి ఒక్కసారి చూస్తే చాలు, పిక్క డడడడా అని కొట్టుకుంటుంది. తాడు కట్టే ఉంటుంది, పడవని తెలుసు, అయినా సరే. మాకు చెప్పిన మందు ఒకటే, మడమ కిందికి దింపు. దింపగానే నిజంగా ఆగుతుంది. ఆ తర్వాత ఊపిరి నోటితో నెమ్మదిగా పొడుగ్గా వదలడం. లోపలికి పీల్చడం కాదు, వదలడం.

హాఫ్‌క్లచ్ (మంగళవారం రాత్రి 9:40)
ఇప్పుడే కిందికెళ్ళి తమ్ముడి కారులో చూశా. ఫిజియో గారూ, మీ అనుమానం సగం కరెక్టు. తమ్ముడి కారులో సీటు నాకు సరిపడా ముందుకు జరిపి ఉంది, సగం క్లచ్ దగ్గర మడమ కింద ఆనుతోంది. టెస్టుకి ఇచ్చేది డ్రైవింగ్ స్కూలు కారు. అందులో సీటు ఎవరో ఆరడుగులాయన కోసం వెనక్కి తోసి ఉంటుంది, నేను 5 అడుగుల 1 అంగుళం. కంగారులో సీటు జరుపుకోవడం కూడా గుర్తుండదు, వేళ్ళ కొసలతో అందుకుంటున్నా క్లచ్‌ని! రెండుసార్లూ అంతే చేశా. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

ఫిజియో_వరంగల్ (మంగళవారం రాత్రి 10:05)
గోడ వద్దు, మెడ ఇప్పటికే బిగుసుకుని ఉంటుంది. స్కూలు వాళ్ళకి చెప్పి ఆ కారులోనే రెండు గంటలు నడపండి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. టెస్టు రోజు పొద్దున టీ కాఫీలు తగ్గించండి, కెఫీన్ కూడా వణుకును పెంచుతుంది. ఇంకో మాట, కూర్చున్నా పడుకున్నా వేళ్ళు వణుకుతూ, బరువు తగ్గుతూ, గుండె దడగా ఉంటే మాత్రం థైరాయిడ్ చూపించుకోండి. టెన్షన్ ఖాతాలో వేసేసి ఊరుకోవద్దు.

కూల్_గురు (బుధవారం ఉదయం 8:11)
ఇంత చర్చ ఎందుకు, ప్రొప్రనలాల్ అని ఒక చిన్న మాత్ర ఉంది, గంట ముందు వేసుకోండి, చెయ్యి రాయిలా ఉంటుంది. మా ఫ్రెండు ఇంటర్వ్యూకి వేసుకుని వెళ్ళాడు.

ఫిజియో_వరంగల్ (బుధవారం ఉదయం 8:40)
దయచేసి ఫ్రెండు మాత్రలు పంచకండి. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ఊపిరితిత్తుల గొట్టాలను బిగించేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకీ మంచిది కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి షుగరు పడిపోతున్నప్పుడు దడా వణుకూ హెచ్చరికలా వస్తాయి, ఈ మాత్ర ఆ హెచ్చరికను కప్పేస్తుంది. డాక్టరు చూసి ఇస్తే వేరే సంగతి.

విల్లంబు (బుధవారం ఉదయం 11:26)
ఈ మాత్ర పేరు వినగానే రాయకుండా ఉండలేకపోయా. బెజవాడలో ఆరేళ్ళు విలువిద్య నేర్చుకున్నా. విలువిద్యలో పేరు తెచ్చుకున్న జ్యోతి సురేఖ, ధీరజ్ బొమ్మదేవరల ఊరు కదా, పిల్లలంతా వాళ్ళలా అవుదామనే వస్తారు, నేనూ అంతే, జిల్లా దాటలేదు. మా ఆటలోనూ తుపాకీ షూటింగులోనూ బీటా బ్లాకర్లు (ఈ మాత్ర ఆ జాతిదే) నిషేధం, ఎందుకంటే చెయ్యి నిలకడగా ఉండటమే అక్కడ ఆట. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటరు కిమ్ జాంగ్ సు ఒక రజతం, ఒక కాంస్యం గెలిచి, ప్రొప్రనలాల్ దొరికిందని రెండూ పోగొట్టుకున్నాడు.

కానీ మా దగ్గర వణుకు కంటే భయంకరమైనది ఇంకోటుంది, టార్గెట్ పానిక్ అంటారు. బాణం లాగి పట్టుకున్నాక, గురి పసుపు చక్రం మీదికి రాకముందే వేళ్ళు వాటంతట అవే వదిలేస్తాయి. లేదంటే దానికి తలకిందులు, గురి చక్రం కిందే అతుక్కుపోతుంది, పైకి జరపలేం, చెయ్యి కొయ్యబారిపోతుంది. నాకు రెండోది వచ్చింది. ప్రాక్టీసులో బాగానే ఉండేది, స్కోరు రాసేవాడు వెనకాల నిలబడితే వచ్చేది. మా కోచ్ నెల రోజులు టార్గెట్ కాగితమే తీసేశాడు. మూడు మీటర్ల దూరం నుంచి వట్టి గడ్డిదిమ్మకి కళ్ళు మూసుకుని వెయ్యమన్నాడు, రోజుకి వంద బాణాలు. గురి లేకపోతే తప్పడం అనేదే లేదు కదా, చెయ్యి మళ్ళీ తన పని తను చెయ్యడం నేర్చుకుంది. పూర్తిగా పోయిందని చెప్పను. పెద్ద పోటీల్లో ఒకటి రెండుసార్లు మళ్ళీ వచ్చింది, విల్లు అమ్మేసింది మాత్రం దానికోసం కాదు, ఉద్యోగం వచ్చి.

రిటైర్డ్_మాస్టారు (బుధవారం సాయంత్రం 5:50)
ఇది చదువుతుంటే నా సంతకం గుర్తొచ్చింది. 35 ఏళ్ళు హాజరు పట్టీల్లో, మార్కుల జాబితాల్లో గిలికి పారేసిన సంతకం. పోయిన ఏడాది ఒక బ్యాంకులో డిపాజిట్ తీసుకుందామని వెళితే కౌంటరులో అమ్మాయి "సార్, సంతకం కలవడం లేదు, ఇంకోసారి పెట్టండి" అంది. వెనక వరసలో ఏడెనిమిది మంది. ఈసారి జాగ్రత్తగా, అక్షరం అక్షరం చూసుకుంటూ పెట్టాను. అది ఇంకా తేడాగా వచ్చింది. మూడోది మా మనవడు పెట్టినట్టుంది. చివరికి ఆధారు, పాస్‌బుక్కు, ఫోటో అన్నీ చూపించి బయటపడ్డాను. నా డబ్బుకి నేనే దొంగనయ్యానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గుమాస్తా (బుధవారం సాయంత్రం 7:22)
మాస్టారూ, నేను కోర్టులో పనిచేసేటప్పుడు చేతిరాత నిపుణుల రిపోర్టులు చాలా చూశాను. దొంగ సంతకాన్ని పట్టుకునే గుర్తుల్లో ఒకటి గీత వణకడం. అసలు మనిషి ఒక్క ఊపులో లాగేస్తాడు, కాపీ కొట్టేవాడు చూస్తూ నెమ్మదిగా గీస్తాడు, గీత వణుకుతుంది, అక్కడక్కడ కలం ఆగిన చుక్కలు పడతాయి. మీరు జాగ్రత్త పడి నెమ్మదిగా పెట్టారు, అదే దెబ్బకొట్టింది. ఈసారి అలా అడిగితే ముందు పనికిరాని కాగితం మీద నాలుగు గబగబా గిలకండి, ఐదోది ఫారం మీద పెట్టండి.

ఫిజియో_వరంగల్ (బుధవారం రాత్రి 9:15)
గుమాస్తా గారు నా పని తేలిక చేశారు. బాగా అలవాటైన కదలికను మెదడు ఒక మూటగా కట్టి పెట్టుకుంటుంది. ఎవరో చూస్తున్నారనగానే మనం ఆ మూట విప్పి ఒక్కో ముక్కా మన చేత్తో నడిపించాలని చూస్తాం, అక్కడే చెడుతుంది. వందమంది చూస్తుండగా స్టేజీ ఎక్కి నడిచేటప్పుడు చేతులు ఎలా ఊపాలో మర్చిపోతాం చూడండి, అది. లడ్డు గారి ట్రే సంగతి కూడా ఇదే, పిల్లాడిని చూసినంతసేపూ చేతులు బాగున్నాయి. హాఫ్‌క్లచ్ గారూ, ట్రాకు మీద కాలిని గమనించకండి, చివరి స్తంభాన్ని చూడండి.

నట్టువాంగం (గురువారం ఉదయం 7:05)
కూచిపూడిలో తరంగం చేసేటప్పుడు ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు పెట్టి, తల మీద చెంబుతో కదలాలి కదా, మొదటిసారి సభలో చేసినప్పుడు నా బొటనవేళ్ళు పళ్ళేన్ని పాములా పట్టేసుకున్నాయి, పళ్ళెం అంగుళం జరగలేదు. ప్రాక్టీసులో జర్రున జారే పళ్ళెం! మా గురువుగారు తాళం వేస్తూనే నావైపు చూసి కళ్ళతో హాలు చివర గడియారం చూపించారు. ఆ గడియారాన్ని పట్టుకున్నాను, చెవి మృదంగానికి ఇచ్చాను, పళ్ళెం కదిలింది. ఆ తర్వాత నుంచి ఆవిడ మమ్మల్ని సభకు నెల ముందే అపార్టుమెంటు వాళ్ళ ముందు, గుడి మంటపంలో, ఎవరు దొరికితే వాళ్ళ ముందు చేయించేవారు. చూసే కళ్ళు కూడా ప్రాక్టీసు చేసుకోవాల్సినవే అనేవారు. మీ కాలనీలో పదిమందిని పిలిచి నిలబెట్టండి అక్కా, సిగ్గుపడకుండా.

గోదారిగట్టు (గురువారం రాత్రి 10:48)
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నా, ఒక్కటి చెప్పి వెళ్తా. మా నాన్నకి 71. టీవీ చూస్తూ ఒళ్ళో చెయ్యి పెట్టుకుంటే బొటనవేలూ చూపుడువేలూ ఏదో మాత్ర నలుపుతున్నట్టు కదిలేవి. చుట్టాలొస్తే ఎక్కువయ్యేది. అందరం టెన్షన్ అన్నాం, రిటైరయ్యాక ఖాళీగా ఉండి ఆలోచిస్తున్నాడు అన్నాం. ఏడాదిన్నర అలా పోయింది. చివరికి న్యూరాలజిస్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోమని, 100లోంచి ఏడేసి తీసేస్తూ చెప్పమన్నాడు. లెక్కల్లో పులి మా నాన్న, 93, 86, 79 అని చకచకా చెప్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం ఊగిపోయింది. పార్కిన్‌సన్స్. భయం వణుకు చెయ్యి చాచినప్పుడో, పని చేసేటప్పుడో కనపడుతుంది, ఇది ఊరికే ఉన్న చేతిలో వస్తుంది, సెకనుకు నాలుగైదు సార్లు, ఇంకా నెమ్మదిగా అని చెప్పాడాయన. టెన్షన్ ఈ జబ్బును తెచ్చిపెట్టదుగానీ ఉన్నదాన్ని పైకి తెస్తుందట.

ఇప్పుడు చెయ్యి కంటే నడక పెద్ద సమస్య. వీధి గడప దగ్గరికి రాగానే కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. ఒళ్ళు ముందుకి పోతుంది, పాదాలు అక్కడే సన్నగా కొట్టుకుంటాయి. బయట ఆటోవాడు హారను కొట్టి, అమ్మ "త్వరగా రండి" అంటే ఇక అంతే, పూర్తిగా ఆగిపోతాడు. తొందర లేని రోజు కాస్త నయం. ఫిజియోథెరపిస్టు నేల మీద అడ్డంగా గీతలుంటే వాటిని దాటుతూ అడుగు పడుతుందని చెప్పాడు. టేపు అంటిస్తే ఊడిపోయేది. ఇప్పుడు అమ్మ రోజూ పొద్దున్నే గడపకి లోపల వైపు ముగ్గుపిండితో నాలుగు అడ్డగీతలు వేస్తుంది, నాన్న ఒకటి, రెండు, మూడు, నాలుగు అని దాటి బయటికి వస్తాడు. ఇదేం ముగ్గమ్మా, చుక్కలు లేవు, మెలికలు లేవు అని పనమ్మాయి అడిగింది.

ధైర్యం_ముఖ్యం (శుక్రవారం ఉదయం 6:30)
గోదారిగట్టు గారూ, మీ పోస్టు రాత్రి రెండుసార్లు చదివా. నేను ట్రాక్టరు అన్నానే, ఆ నాన్నకే ఈ మధ్య కుడిచెయ్యి టీవీ ముందు అలాగే ఆడుతోంది. నేను ఆయనతో కూడా ధైర్యంగా ఉండమనే అంటున్నా. ఏ డాక్టరుకి చూపించాలి?

గోదారిగట్టు (శుక్రవారం ఉదయం 6:52)
న్యూరాలజిస్టుకి. ముందే మీరు పేరు పెట్టేయకండి, వేరే కారణాలూ ఉండొచ్చు. నాన్న కూర్చుని ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు ఫోనులో వీడియో తీసి పట్టుకెళ్ళండి, డాక్టరు ముందు ఒక్కోసారి కనపడదు. సంతకం పాతదీ కొత్తదీ కూడా తీసుకెళ్ళండి, అక్షరాలు చిన్నవవుతున్నాయేమో చూస్తారు.

హాఫ్‌క్లచ్ (తర్వాతి వారం గురువారం మధ్యాహ్నం 2:37)
అయిపోయింది, పాసయ్యా!!

కాలనీలో పదిమంది దొరకలేదు. వాచ్‌మన్, ఆయన భార్య, క్రికెట్ ఆడే నలుగురు పిల్లలు. వాళ్ళ ముందు స్కూలు కారుతో హెచ్ వేశా, పిల్లలు ఔట్ ఔట్ అని అరిచారు, రెండు ఇటుకలు పడ్డాయి. మూడు సాయంత్రాలు అదే పని. ఇవాళ ట్రాకు దగ్గరికి గంట ముందే వెళ్ళి, కారెక్కగానే మొదట సీటు ముందుకు లాగా. ఇన్‌స్పెక్టరు ఇంకా ఎందుకు ఆలస్యం అన్నట్టు చూశాడు, చూడనీ అనుకున్నా. మడమ కింద పెట్టా. వణుకు రాలేదని అబద్ధం చెప్పను, రివర్సు మొదట్లో పిక్క రెండుసార్లు అదిరింది, నేను చివరి స్తంభం మీద ఎవరో కట్టిన ఎర్ర గుడ్డని చూస్తూ నోటితో ఊపిరి వదిలా, పెద్దగా కాలేదు. బండి ఆగలేదు.

అన్నీ అయ్యాక రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. మాస్టారూ, చెయ్యి వణికింది! నా పేరులో మొదటి అక్షరం తప్ప ఏదీ నాది కాదు.

రిటైర్డ్_మాస్టారు (గురువారం మధ్యాహ్నం 3:10)
హహ్హా. శుభం తల్లీ. ఆ సంతకమే ఖాయం చేసుకో, లైసెన్సు మీద అదే ఉంటుంది.

బందరులడ్డు (గురువారం మధ్యాహ్నం 3:24)
లడ్డూలు ఎక్కడ? నా పేరు పెట్టుకుని అడగకపోతే బాగోదు.

హాఫ్‌క్లచ్ (గురువారం రాత్రి 9:58)
లడ్డూలు తర్వాత. ఉప్పల్ దగ్గర ఫ్లైఓవరు ఎక్కుతుంటే సగంలో ట్రాఫిక్ ఆగి, వెనక బస్సు బంపరుకి ఆనుకుని నిలబడితే ఏం చెయ్యాలి? మడమ కింద పెట్టే టైమెక్కడుంటుంది? రేపు తమ్ముడు అటే తీసుకెళ్తానంటున్నాడు.

మిషన్_మావయ్య (గురువారం రాత్రి 10:06)
హ్యాండ్ బ్రేకు లాగు అమ్మాయ్. బస్సువాడిని టీ తాగి రమ్మను.